యాభైలో చుక్క

ఆమె కీబోర్డు మీద అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి. చూసి కొట్టే అలవాటు లేదు కాబట్టి ఆమెకి ఆ లోటు తెలియదు. ఇంకెవరైనా ఆ కుర్చీలో కూర్చుంటే మాత్రం చీకట్లో చెప్పులు వెతుక్కున్నట్టే. వీధిలో అందరికీ ఆమె టకటకమ్మ.

బోర్డులు, స్టిక్కర్లు చేసే ఆ షాపు వాళ్ళ అన్నయ్యది. అక్షరాలు కొట్టడం ఆమె పని. మెషీన్ కోసిన స్టిక్కరు షీటు మీద అక్కర్లేని ముక్కల్ని పట్టకారుతో పీకేసి, మిగిలిన అక్షరాన్ని బోర్డుకి అంటించడం ఆయన పని. ఇద్దరికీ ఎవరూ నేర్పలేదు. చెడగొట్టుకుంటూ నేర్చుకున్నారు.

ఒక ఉదయం పక్కవీధి అపార్ట్‌మెంటు ఓనరావిడ వచ్చింది. వాళ్ళది ఇంట్లో అరబ్బీ, వీధిలో మన భాష.

"తలుపులకి నంబర్లు కావాలమ్మా. ఉన్నవాటి కింద ఇంకో వరస, హిందీ అంకెల్లో."

"హిందీ ఎందుకండీ?"

"మా అమ్మకి అవే వచ్చు. అన్ని తలుపులూ ఒకే రంగాయె. మొన్న కింద ఐదో నంబరు దర్జీ ఇంట్లోకి వెళ్ళి, సోఫా ఎందుకు జరిపావని వాళ్ళావిణ్ణి తిట్టింది. టీ తాగి, చక్కెర చాల్లేదని కూడా అందట."

టకటకమ్మ నవ్వు ఆపుకుంది. ఓనరావిడ నవ్వలేదు.

"అప్పట్నుంచి నేను ఆఫీసుకెళ్తూ బయట తాళం వేస్తున్నా. ఆవిడ నాతో మాటలు మానేసింది. 'నేను చదవగలిగే నంబరు పెట్టు, ఒక్కదాన్నే వెళ్ళి ఒక్కదాన్నే వస్తా' అంటుంది. సరే, ఒక్కసారి చూస్తా. మళ్ళీ తప్పిపోయిందా, ఇక తాళం తాళమే."

టకటకమ్మ టకటకమని కొట్టేసి కాగితం చేతికిచ్చింది: १, २, ३.

"ఇవేంటి?"

"హిందీ అంకెలండీ."

"ఎవరి హిందీ?"

అప్పుడు తెలిసింది. అరబ్బీ మాట్లాడేవాళ్ళు తాము రాసే అంకెల్ని హిందీ అంకెలంటారట. మనం రోజూ రాసే 1, 2, 3ని లోకం అరబిక్ అంకెలంటుంది.

అన్నయ్య పట్టకారు ఆపాడు. "వాళ్ళవి హిందీవి, మనవి అరబ్బీవి. మరి హిందీవాళ్ళవి ఎవరివే?"

"నువ్వు పీకే పని చూసుకో అన్నయ్యా."

కంప్యూటర్లో అరబిక్ కీబోర్డు పెట్టుకుంది. ఏ మీట నొక్కితే ఏ అక్షరమో కాగితం ముక్కల మీద రాసి అంటించుకుంది. చెమటకి అవి ఊడి వేళ్ళకి అంటుకునేవి. భోజనానికి లేస్తే బొటనవేలి మీద ఒక అక్షరం ఆమెతోపాటే లేచేది. ఇంతా చేస్తే అక్షరాలు అరబ్బీలో పడుతున్నాయి గానీ, అంకెల వరస నొక్కితే మళ్ళీ ఆ 1, 2, 3లే.

సెట్టింగులన్నీ తిరగేస్తే ఒక మూల 'అంకెలు: హిందీ' అని కనిపించింది. నొక్కింది. తెర మీద ١ ٢ ٣ నిలబడ్డాయి. ఆమె పెట్టిన కేకకి ఎదురు షాపతను తొంగిచూశాడు. తీరా వాటిని కోత మెషీన్‌లోకి పంపితే మళ్ళీ 1, 2, 3.

"దారిలో వేషం మార్చుకున్నాయేంటే?" అన్నాడు అన్నయ్య.

"ఇక్కడ వేసుకున్నదే వేషం. లోపల అవి మారలేదు."

ఈసారి పర్షియన్ కీబోర్డు పెట్టింది. వేషం కాదు, నిజం అంకెలే పడ్డాయి. ఓనరావిడ వచ్చి చూసి, "మిగతావి మావే. ఈ నాలుగు, ఐదు, ఆరు మాత్రం పక్కింటి పర్షియావాళ్ళవి" అంది.

చివరికి గుర్తుల పట్టిక తెరిచి, బియ్యంలో రాళ్ళేరినట్టు ఒక్కో అంకెనీ ఏరింది. వాళ్ళ ఐదు మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది. వాళ్ళ సున్నా ఒట్టి చుక్క. పెద్దావిడ ఉండేది పై అంతస్తులో, యాభయ్యో నంబరు. అంటే ఒక గుండ్రం, పక్కన ఒక చుక్క: ٥٠. ఓనరావిడ తెర మీద అన్నీ సరిచూసి ఆఫీసుకి వెళ్ళిపోయింది. అన్నయ్య షీటు కోసి, శుభ్రంగా పీకి, తలుపులన్నిటికీ అంటించి వచ్చాడు.

మర్నాడు ఆఫీసులకి సెలవు. షాపు తెరిచిన కాసేపటికి ఫోను.

"వెంటనే రండి. మా అమ్మ ఒక్కతే కిందకెళ్ళి వచ్చింది. ఇప్పుడు మా గుమ్మం ముందే నిలబడి లోపలికి రానంటోంది."

ఇద్దరూ పరుగెత్తారు. పెద్దావిడ చేతిలో కూరల సంచి. తెరిచిన తలుపు లోపల కూతురు.

"అమ్మా, నేను కనిపిస్తున్నా కదే!"

"కనిపిస్తున్నావు. దర్జీ ఇంట్లో నీకేం పని?"

"ఇది మనిల్లే!"

"తలుపు మీద ఐదు అనుంది. మనది యాభై. చదివి రమ్మన్నావు, చదివాను. నేను రాను."

టకటకమ్మ తలుపు చూసింది. గుండ్రం ఉంది. చుక్క లేదు. మెల్లగా అన్నయ్య వైపు తిరిగింది.

"దీని పక్కన చుక్కేదీ?"

"ఏ చుక్క? అక్కడక్కడా నలుసుల్లా ఉంటే పీకేశా. పది మీద, ఇరవై మీద కూడా ఉన్నాయి. మెషీన్ కత్తి పాడైందేమో అనుకున్నా."

"అవి సున్నాలు అన్నయ్యా!"

"అంత చిన్న సున్నానా?"

"ఏమీ లేదని చెప్పడానికి ఇంకెంత కావాలి నాయనా?" అంది పెద్దావిడ. ఆవిడ చూపు ఆయన మోచేతి దగ్గర ఆగింది. రోజూ పనికి వేసుకునే ఆ చొక్కా చేతికి నల్లగా ఏదో అంటుకుని ఉంది. "అదిగో, నా సున్నా!"

టకటకమ్మ దాన్ని గోటితో లేపి అందించింది. పెద్దావిడ తలుపు మీద తనే పెట్టి, వేలితో అదిమింది. వెనక్కి జరిగి చదివింది. "యాభై." చెప్పులు విప్పి లోపలికి వెళ్ళింది.

కూతురు ఇంకా గుమ్మంలోనే ఉంది. "ఇప్పుడు ఆవిడ తప్పిపోయినట్టా, కాదా?"

"మేం తప్పు అంటించాం. ఆవిడ సరిగ్గా చదివారు" అంది టకటకమ్మ.

లోపల్నుంచి గొంతు వినిపించింది. "విన్నావుగా. తాళం ఇటు పట్రా."

మిగతా సున్నాల కోసం అన్నాచెల్లెళ్ళు మర్నాడు పొద్దున చెత్తబుట్ట బోర్లించి వెతుకుతుంటే పెద్దావిడ షాపుకి వచ్చింది, ఒక్కతే. పెద్ద ఇత్తడి తాళం బల్ల మీద పెట్టింది.

"మీ షట్టరుకి వాడుకోండి. మా ఇంట్లో దీనికి పని లేదు." వెళ్ళబోతూ ఆగి, అన్నయ్య భుజం తట్టింది. "ఏదీ, ఒకసారి వెనక్కి తిరుగు నాయనా, చూస్తాను."

ఆయన తిరిగాడు. చొక్కా వీపు మీద ఎవరిదో సున్నా ఉంది.