పెద్దాయన కంచం, ఫ్రెంచి లీగు మొదటి ఏడాది

ఫ్రాన్సులో ఫుట్‌బాల్ ఆటగాళ్ళకు జీతాలిచ్చి లీగు ఆడించడం మొదలుపెట్టిన తొలి ఏడాది ఏం జరిగిందో మీలో ఎంతమందికి తెలుసు? తెలియదు కదా. తెలియకుండానే హాయిగా ఉద్యోగాలు చేసుకున్నారు, పిల్లల్ని చదివించుకున్నారు, పిలిచిన ఇళ్ళకు వెళ్ళి మర్యాదగా భోంచేసి వచ్చారు. నాకు మాత్రం తెలుసు. తెలిసినందుకు సింగపూర్‌లో ఒక ఆదివారం నేను వెలగబెట్టిన నిర్వాకం ఎలాంటిదంటే, ఇంటికొచ్చి డైరీ ముందు కూర్చుని, కలం మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసి, చివరికి "ఎండ బాగా కాసింది" అని మాత్రం రాసి లేచాను. కాలేజీ రోజుల నుంచి మానకుండా డైరీ రాస్తున్నవాణ్ణి. జ్వరం వచ్చిన రోజుకు కూడా నా దగ్గర ఒక పేజీ ఉంది. ఆ ఆదివారానికి ఎండ ఒక్కటే ఉంది. మిగతాది ఇప్పుడు మీకు చెబుతాను.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ కుప్పకూలతాయని ప్రపంచం బెంబేలెత్తి, మా తెలుగువాళ్ళను విమానాలెక్కించి తీసుకెళ్ళిన రోజులవి. నేనూ ఎక్కాను. రెండువేలు వచ్చింది. కంప్యూటర్లు కూలలేదు. ఇక కూలకుండా చూసినవాళ్ళతో పనేమిటని కంపెనీలకు ఆలోచన మొదలైంది.

మా ఆఫీసు తంజోంగ్ పగార్‌లో. కిటికీలోంచి చూస్తే ఓడరేవు క్రేన్లు కనిపించేవి. లోపల చూస్తే ఖాళీ కుర్చీలు కనిపించేవి. శుక్రవారం సాయంత్రం ఎవరికోసమైనా కేకు కోస్తున్నారంటే వాళ్ళ కాంట్రాక్టు అయిపోయిందని అర్థం. ఆ ఏడాది ఎన్ని కేకులు తిన్నానో! చివరికి బేకరీ ముందు నడిచినా గుండె దడ వచ్చేది.

నా కాంట్రాక్టు గడువూ దగ్గరపడింది. అది పోతే ఆ దేశంలో ఉండనిచ్చే పాసు పోతుంది. పాసు పోతే క్లెమెంటిలో మా అద్దె ఫ్లాటు ఖాళీ చేయాలి. అన్నిటికన్నా మా అమ్మాయి శిరీష బడి మారాలి. నా ఉద్యోగాల పుణ్యమా అని దానికి అది మూడో ఊరు, మూడో బడి. మొదటి ఏడాదంతా ఎవరితోనూ మాట్లాడని పిల్లకు అప్పుడప్పుడే స్నేహితులు కుదిరారు, సింగపూర్ పిల్లల్లాగే మాట చివర 'లా' తగిలించడం కూడా వచ్చేసింది.

"ఈసారి పిల్లను బడి మార్పించారంటే దాంతో మీరే చెప్పుకోండి. నా వల్ల కాదు" అంది మా ఆవిడ లలిత.

ఇలా ఉండగా మా మేనేజరు పియేర్ నా బల్ల దగ్గరికి వచ్చాడు. ఫ్రాన్సు మనిషి. మితభాషి. "వచ్చే నెల మొదటి ఆదివారం మీ కుటుంబంతో మా ఇంటికి భోజనానికి రండి. మీతో ఒక విషయం మాట్లాడాలి" అని వెళ్ళిపోయాడు.

ఆ విషయమేమిటో నాకు అర్థమైపోయింది. పక్క సీట్లో ప్రసాద్ ఉండేవాడు. కరీంనగర్ కుర్రాడు, నాకంటే పదేళ్ళు చిన్న, లోకజ్ఞానంలో పాతికేళ్ళు పెద్ద.

"అన్నా, నువ్వు పనిల పులివి. గనీ ముచ్చట్ల సున్న" అన్నాడు. "పియేర్ రూంల గోడకు నీలం అంగి సూసినవా? ఫుట్‌బాల్ అంగి. అద్దం కట్టించి పెట్టిండు. గాయనకు ఫుట్‌బాల్ అంటే పానం అన్నట్టు. మొన్న వరల్డ్ కప్పు గూడ వాళ్ళే గెలిచిండ్రాయె. తినుకుంట గా ముచ్చట తీయి. నిన్నెట్ల పంపుతడో నేను సూస్త!"

"నాకు ఫుట్‌బాల్ గురించి ఏమీ తెలియదయ్యా."

"నాకు తెల్సా? పేపర్ల సూసి నాలుగు పేర్లు నేర్సుకో. అంతే."

పేపర్లో చూసి నాలుగు పేర్లు నేర్చుకోవడం! నేను గుడివాడలో లెక్కల మాస్టారి కొడుకుని. మొదటి పాఠం అప్పజెప్పకుండా రెండో పాఠం పేజీ తిప్పితే మా నాన్నగారు వేళ్ళ మీద స్కేలుతో కొట్టేవారు. ఆ వేళ్ళతోనే లైబ్రరీకి వెళ్ళి ఫ్రెంచి ఫుట్‌బాల్ చరిత్ర మీద ఉన్నవాటిలోకెల్లా లావుపాటి ఇంగ్లీషు పుస్తకం తెచ్చుకున్నాను. తలగడకు బదులు పనికొచ్చేంత ఉంది. మొదటి అధ్యాయం తెరిచి, పబ్లిక్ పరీక్షకు చదివినట్టు కూర్చున్నాను.

ఆ మొదటి అధ్యాయం మొత్తం మొదటి ఏడాది గురించే. పంతొమ్మిది వందల ముప్ఫయ్యుల నాటి మాట. ఇరవై జట్లు. వాటిని పదేసి చొప్పున రెండు గుంపులు చేశారు. ఒక్కో గుంపులో అగ్రస్థానంలో నిలిచిన జట్టు ఫైనల్ ఆడాలి. చక్కటి పద్ధతి. నా మనసుకు ఎంతో నచ్చింది. ఊళ్ళ పేర్లు, ఎవరు ఎవర్ని ఎన్ని గోల్స్‌తో ఓడించారు, అన్నీ కంఠతా పట్టడం మొదలుపెట్టాను. రైల్లో క్లెమెంటి నుంచి ఆఫీసు దాకా కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతూ వల్లె వేసుకునేవాణ్ణి. ఎదుటి సీటులో రోజూ కూర్చునే తమిళ పెద్దావిడ నేనేదో స్తోత్రం చదువుతున్నాననుకుని, దిగేటప్పుడు నాకు దణ్ణం పెట్టి దిగేది.

ఒకనాడు శిరీషను పక్కన కూర్చోబెట్టుకుని అప్పజెప్పాను. అది పుస్తకం మందం చూసింది, నేను పెట్టుకున్న గుర్తు ఎక్కడుందో చూసింది.

"నాన్నా, యూ ఆర్ స్టిల్ ఇన్ చాప్టర్ వన్?"

"పునాది గట్టిగా ఉండాలమ్మా."

"బట్ లాస్ట్ చాప్టర్‌లోనే కదా వరల్డ్ కప్ ఉంటుంది! అంకుల్ అదే అడుగుతారు లా. హూ విల్ ఆస్క్ చాప్టర్ వన్?"

పిల్లమాట అని కొట్టిపారేశాను. ఆదివారం వచ్చేసరికి నాకు మొదటి ఏడాది కొట్టినపిండి. ఆ తర్వాత జరిగిన దాదాపు డెబ్భై ఏళ్ళ ఫుట్‌బాల్ గురించి మా ఇంటి గోడకు ఎంత తెలుసో నాకూ అంతే తెలుసు.

పియేర్ ఉండేది సెరంగూన్‌లో ఒక కాండోలో, అంటే ఖరీదైన అపార్టుమెంట్లో. టాక్సీలో వెళ్ళాం. తలుపు తీయగానే పియేర్, ఆయన భార్య, వాళ్ళ వెనుక ఒక పెద్దాయన. పియేర్ నాన్నగారు. ఎనభైకి దగ్గరగా ఉంటారు. కొడుకును చూడటానికి ఫ్రాన్సు నుంచి వచ్చారు. ఆయనకు ఇంగ్లీషు రాదు. ఎవరేం మాట్లాడుతున్నా అర్థమైనట్టు తల ఊపుతూ, మధ్యమధ్య నిట్టూరుస్తూ, పెళ్ళివారింట్లో పరిచయాల్లేని చుట్టంలా ఉన్నారు.

బల్ల దగ్గర కూర్చున్నాం. మాకోసం కూరగాయలు, వాళ్ళకు చేప. వాన గురించి మాట్లాడారు. ఎండ గురించి మాట్లాడారు. ఫుట్‌బాల్ మాట ఎవరూ ఎత్తరే! నాలో చదువంతా పొంగుతున్న పాలలా మూత ఎగరేస్తోంది. ఇక ఆగలేక, బీన్స్ వడ్డిస్తుండగా నేనే అన్నాను.

"మీ దేశపు లీగు మొదటి ఏడాది చాలా ఆసక్తిగా ఉంటుంది సుమండీ."

పియేర్ ఫోర్కు ఆపాడు. "ఏ లీగు?"

అంతే, గేట్లు ఎత్తేశాను. ఇరవై జట్లు, రెండు గుంపులు, ఊళ్ళు, గోల్స్. పియేర్ తెల్లబోయి, మర్యాదకు ఒక్కో ముక్క ఫ్రెంచిలోకి మార్చి నాన్నగారికి చెప్పాడు. పెద్దాయన నిటారుగా కూర్చున్నారు. కళ్ళల్లోకి వెలుగు వచ్చింది. నాకేసి కుర్చీ కూడా జరుపుకున్నారు. నేను లలిత వైపు చూశాను. 'చూశావా!' అన్నమాట.

"అసలు రసమంతా ఇక్కడే ఉంది" అన్నాను. "ఒక గుంపులో సముద్రతీరపు చిన్న ఊరి జట్టు ఒకటి అగ్రస్థానంలో నిలిచింది. కానీ చివరి ఆటలో ఎదుటివాళ్ళను డబ్బిచ్చి కొన్నారని అనుమానం. దాంతో దాన్ని తీసేసి, రెండో స్థానం జట్టును ఫైనల్‌కు పంపారు. క్రమశిక్షణ అంటే అలా ఉండాలి!"

పియేర్ తర్జుమా ఆపేశాడు. ఆయన భార్య నీళ్ళ గ్లాసు వైపు చూస్తూ కూర్చుంది. పెద్దాయన కొడుకు మొహం చూస్తున్నారు. మీరైతే అక్కడ ఆగేవారు. ఆగరూ? నేను ఆగలేదు. పాపం పియేర్‌కు మాట దొరకడం లేదు కాబోలు, కళ్ళకు కట్టినట్టు చూపిస్తే సరి అనుకున్నాను. లేచి నిలబడ్డాను.

"ఈ ఉప్పుసీసా ఉత్తరాది జట్టు. అవతలి గుంపులో అగ్రస్థానం. సలాడ్ గిన్నె రెండో స్థానం జట్టు. ఇక ఇదీ ఆ సముద్రతీరపు జట్టు..." అంటూ నా చేతికి దగ్గరగా, నిండుగా, గుండ్రంగా కనిపించినదాన్ని ఎత్తాను. "దీన్ని బయటికి పంపేశారు!"

పంపేశాను. వెనకున్న అలమర మీద పెట్టి, ఖాళీ అయిన చోటికి సలాడ్ గిన్నె జరిపి, చప్పట్ల కోసం చూసినట్టు అందరి వైపూ చూశాను.

పెద్దాయన ఫోర్కు గాలిలో ఉంది. దానికింద చేప లేదు. కంచం లేదు. సలాడ్ ఉంది.

"నాన్నా," అంది శిరీష, "దట్స్ తాతయ్యాస్ లంచ్ లా!"

"ఏమండీ!" లలిత గొంతు పళ్ళ మధ్య నుంచి వచ్చింది. "తింటున్న మనిషి ముందు నుంచి కంచం తీస్తారా! మా పుట్టింట్లో పగవాడి ముందు నుంచి కూడా తీయరు."

పెద్దాయన ఫోర్కు నెమ్మదిగా కింద పెట్టి, లేచి, బాల్కనీలోకి వెళ్ళిపోయారు.

అప్పుడు చెప్పాడు పియేర్. "మాది ఆ సముద్రతీరపు ఊరే. మా పెద్దనాన్న ఆ జట్టులో ఆడాడు. నాన్న అప్పుడు చిన్నపిల్లాడు, అన్న ఆడుతుంటే గోడెక్కి చూసేవాడట. పెద్దనాన్న పోయేదాకా ఒకటే మాట అనేవాడు, మేం ఎవర్నీ కొనలేదు, మాకా ఫైనల్ దక్కాలి అని. మా ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తరు."

నేను కూర్చున్నాను. నేను బయటికి పంపింది చేపముక్కను కాదు, ఆయన అన్నను. పుస్తకంలో అది నాలుగు వరసలు. నాలుగూ నాకు పొల్లుపోకుండా వచ్చు. ఆ నాలుగింట్లో గోడెక్కిన పిల్లాడు లేడు.

కాంట్రాక్టు సంగతి ఇక చెప్పాలా? శిరీష కొత్త బడి యూనిఫారం ఏ రంగులో ఉంటుందో కూడా కళ్ళ ముందు కనిపించింది.

లలిత లేచింది. అలమర మీది కంచం తీసుకుని, పియేర్ భార్య చేత ఇంకో చేపముక్క పెట్టించుకుని బాల్కనీలోకి వెళ్ళింది. ఆవిడకు ఫ్రెంచి రాదు. ఆయనకు తెలుగు రాదు. ఆ అడ్డంకి ఇద్దరిలో ఎవరూ పట్టించుకోలేదు.

"తినండి బాబాయి గారూ. ఆయనకు పుస్తకం కనిపించినట్టు మనిషి కనిపించడు. మాకూ అలవాటే. మీరు తినకపోతే మాకు ముద్ద దిగదు. తినండి."

ఆయన ఫ్రెంచిలో ఏదో చాలాసేపు చెప్పారు. "అవునండీ, అవును, అన్నగారు కదా మరి" అంది లలిత. పియేర్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. పెద్దాయన చెబుతున్నది నిజంగానే తన అన్న గురించేనట.

కాసేపటికి పెద్దాయన లోపలికి వచ్చారు. కంచం ఆయనే మోసుకొచ్చారు. సలాడ్ గిన్నెను పక్కకు నెట్టి, తన కంచాన్ని ఉప్పుసీసాకు ఎదురుగా పెట్టారు. రెండేసి గ్లాసులు గోల్‌పోస్టుల్లా అటూ ఇటూ నిలబెట్టారు. గుత్తిలోంచి ఒక ద్రాక్షపండు తుంచి మధ్యలో ఉంచి, ఫోర్కు పుచ్చుకుని, నాకేసి చూసి ఒక మాట అన్నారు.

"ఫైనల్ ఆడదాం అంటున్నారు," అన్నాడు పియేర్. "మీరు ఉత్తరాది జట్టు."

నాకొక చెంచా ఇచ్చారు. ఆట మొదలైంది. ఆయన ఫోర్కుతో ద్రాక్షను కొడితే అది గ్లాసుల మధ్య నుంచి తుపాకీ గుండులా వెళ్ళి నా చొక్కాకు తగిలింది. "గోల్!" అంది శిరీష. ఎవరూ అడక్కుండానే అది రిఫరీ అయిపోయింది. నేనూ మూడు వేశాను. నాలుగోది కూడా వేశాను.

"ఆఫ్‌సైడ్ లా, చెల్లదు," అంది నా కన్నకూతురు.

"అదెలా? అసలు చరిత్ర ప్రకారం ఫైనల్లో ఉత్తరాది వాళ్ళే నాలుగు, మూడుతో..."

బల్ల కింద లలిత మడమ నా పాదం మీద పడింది. "ఓడిపోండి," అంది నవ్వుతూ. "ఒక్కసారి ఓడిపోతే మీ సొమ్మేం పోయింది?"

ఓడిపోయాను. నాలుగు, మూడు. పెద్దాయన రెండు చేతులూ పైకెత్తి, కుర్చీ మీదే గోడెక్కిన పిల్లాడిలా ఊగారు. పియేర్ భార్య కళ్ళు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్ళి, తిరిగొచ్చింది.

చేతిలో కేకు.

నా ప్రాణం ఎగిరిపోయింది. కేకు! శుక్రవారం దాకా కూడా ఆగలేదు!

"అయ్యో, మర్చేపోయాను," అన్నాడు పియేర్ నుదురు కొట్టుకుని. "మీ కాంట్రాక్టు మరో రెండేళ్ళు పొడిగించారు. పోయిన నెలలోనే తేలింది. మీ ఆవిడకూ పాపకూ కూడా ఒకేసారి చెబుదామనే పిలిచాను. అవునూ, మీకు ఫుట్‌బాల్ అంటే అంత పిచ్చి అని నాకు తెలియదే!"

"మరి... మీ గదిలో ఆ నీలం చొక్కా?"

"అదా? నాకంటే ముందున్న మేనేజరుది. మేకు ఊడి రాలేదు, అలాగే వదిలేశాను. నాకసలు ఆ ఆటంటే పడదు."

ప్రసాద్‌ను తలుచుకుంటూ కేకు తిన్నాను. భయం లేకుండా తిన్న మొదటి కేకు అది.

తలుపు దగ్గర పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, వచ్చే ఆదివారం కూడా రమ్మన్నారు. నాకు ఉత్సాహం వచ్చేసింది. "తప్పకుండా! ఈలోగా రెండో ఏడాది అధ్యాయం కూడా చదివేస్తాను" అన్నాను.

పియేర్ తర్జుమా చేశాడు. పెద్దాయన గట్టిగా తల అడ్డంగా ఊపారు.

"రెండో ఏడాది వద్దట. మొదటి ఏడాదే మళ్ళీ ఆడదామంటున్నారు."

ఆయన ఫ్రాన్సుకు తిరిగి వెళ్ళేదాకా ప్రతి ఆదివారం సెరంగూన్ వెళ్ళి ఆ ఫైనల్ ఓడిపోయి వచ్చాను. ఒక్కసారీ గెలవనివ్వలేదు, ఆయనా, రిఫరీ కూడా.

ఇందుమూలంగా, నా బీరువాలో వరసగా నిలబడ్డ డైరీలన్నిటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మరెవ్వరి కంచాన్నీ, అది ఎంత గుండ్రంగా ఉన్నా, ఏ కారణం చేతనైనా సరే, నా చేత్తో ముట్టుకోను.

ఈ ప్రమాణం ఆ మొదటి ఆదివారం సాయంత్రమే ఇంట్లో లలిత ఎదుట గంభీరంగా చేశాను. ఆవిడ శ్రద్ధగా విని, ఇది అంట్లకు వర్తించదని చెప్పి, నన్ను సింకు దగ్గరికి పంపింది.