బెడోక్ కాకికి ఇచ్చిన మాట

కంప్యూటర్ తెలిసినవాడికల్లా విమానం టికెట్టు దొరికిన ఆ రోజుల్లో నేనూ సింగపూర్ చేరి, బెడోక్‌లో మా పెద్దమ్మ కూతురు ఉండే ఫ్లాట్‌లో ఒక గది ఆక్రమించాను. మొదటి జీతంతో మూరెడు లెన్సున్న కెమెరా కొని, నేను కళాకారుణ్ణని నాకు నేనే తేల్చేసుకున్నాను. ఆదివారం వస్తే పుంగ్గోల్ ఒడ్డున కొంగలనీ, గాలాలు వేసుకుని కూర్చున్న ముసలివాళ్ళనీ, వానలో గొడుగుల కింద నడిచే జనాన్నీ తీసేవాణ్ణి. (సగం ఫోటోల్లో కొంగ ఎగిరిపోయాక మిగిలిన కొమ్మే పడేది. దానికి ‘శూన్యం’ అని పేరు పెట్టుకునేవాణ్ణి.)

అక్కకు మాత్రం నవ్వే ఓపిక ఉండేది కాదు. బావది ఓడల మీద ఉద్యోగం. వాళ్ళ నాలుగేళ్ళ కూతురు చంటి కాకినాడలో నానమ్మ దగ్గర ఉండిపోయింది. అక్క ఉద్యోగంలో కుదురుకుని, పిల్లను తెచ్చుకోవడానికి అంతా సిద్ధం చేసుకున్నాక ఫోన్లో చంటి అడ్డం తిరిగింది. “అక్కడ కాకులు లేవంట. నేను రాను” అంది. డాబా మీద కాకిని చూపిస్తూ నానమ్మ పెట్టే కాకిముద్దలు తప్ప ఆ పిల్ల ఇంకేమీ తినేది కాదు. “రానంటున్న పిల్లను లాక్కెళ్ళడం ఎందుకమ్మా, ఇంకో ఏడాది ఇక్కడే ఉండనీ” అని అత్తగారు తీర్పు చెప్పేశారు. ఫోన్ పెట్టేశాక అక్క నా ఫోటోలన్నీ ముందేసుకుని తిరగేసింది.

“ఇన్ని పిట్టల్ని తీశావు కదరా, ఒక్క కాకి లేదా?” అని అడిగింది.

లేదు. కాకిని తీయడం నాకు నామోషీ. తీరా పూనుకుంటే అది మహా కష్టమైన పని అని తేలింది. కాకుల బెడద ఎక్కువైందని అప్పట్లో అక్కడ వాటిని తుపాకులతో కాల్చేవారు. అంచేత పొడుగాటి వస్తువేది ఎక్కుపెట్టినా అవి ఎగిరిపోయేవి. వారమంతా తిరిగితే నాకు దక్కినవి నల్లటి మరకలు.

“కాకిపిల్ల కాకికి ముద్దట. నీ మరకలు నీకు ముద్దు. ఇది కాకంటే చంటి నమ్ముతుందిరా?” అంది అక్క.

చివరికి ఒక ఆదివారం పొద్దున్న తనే ఉపాయం ఆలోచించింది. తలంటుకున్న జుట్టు ఆరకుండానే, చంటికి ఇష్టమని నువ్వులపొడి కలిపిన అన్నం ముద్దను అరిటాకులో పట్టుకుని సముద్రం ఒడ్డుకు తెచ్చింది. దాన్ని ఇసుక మీద పెట్టి, దూరంగా నిలబడి, “రామ్మా, వచ్చి తిను” అని చెట్టు మీది కాకిని బతిమాలసాగింది. నేను భుజాన తువ్వాలు వేసుకుని, దాని చాటున లెన్సు దాచుకుని (కాకికీ, పిట్టలకు తిండి పెడితే జరిమానా వేసే అధికారికీ సమానంగా భయపడుతూ) పక్కన నిలబడ్డాను.

అప్పుడే షార్ట్సులో పరిగెత్తుకుంటూ వచ్చిన ఒక అంకుల్ తెలుగు విని ఆగారు. విరబోసిన జుట్టు, నువ్వుల ముద్ద, సముద్రం, భుజాన తువ్వాలు. ఇంకేం కావాలి? చెవుల్లోంచి పాటల తీగలు పీకేసి, బూట్లు విప్పి, ముద్దకు అవతలి పక్కన చేతులు జోడించి నిలబడ్డారు.

“అయ్యో, సారీ అమ్మా. పోయింది పెద్దవాళ్ళా?”

నేను నోరు తెరిచేలోగా, ఆ పలకరింపుకే అక్కకు దుఃఖం పొంగుకొచ్చింది. అంకుల్ గాభరాపడ్డారు.

“ఏడవకండమ్మా. కాకి ముట్టలేదంటే ఏదో కోరిక మిగిలిపోయిందన్నమాట. ఫారిన్ అయినా సేమ్ రూలే. పైకి చెప్పి మాటివ్వండి, వచ్చేస్తుంది.”

“నిన్ను నా దగ్గరికి తెచ్చేసుకుంటానమ్మా” అంది అక్క వెక్కిళ్ళ మధ్య. “ఇంకెప్పుడూ వదిలిపెట్టను.”

“అమ్మగారా, పాపం” అన్నారు అంకుల్ నాతో మెల్లగా. “మళ్ళీ మీ ఇంట్లోనే పుడతార్లెండి.”

నవ్వాపుకోలేక తల తిప్పుకోబోయాను. ఆయన కళ్ళలోనూ నీళ్ళు కనిపించాయి. నవ్వు ఎటు పోయిందో తెలియదు. ఇంతలో కాకి దిగి, ముద్దలో ముక్కు పెట్టింది. నేను మీట నొక్కాను.

ఫోటో పోస్టులో కాకినాడ వెళ్ళింది. చంటి ఫోన్లో ఒకటే అడిగింది: “అది నా ముద్ద కూడా తినేస్తుందా?” తినదని అక్క ఇంకో మాటిచ్చింది. నెల తిరక్కుండా పిల్ల వచ్చింది.

చంటి ఇప్పుడు ఉద్యోగస్తురాలు. హాకర్ సెంటర్‌లో తింటున్నప్పుడు కాకి ప్లేటు మీద వాలితే “సో ఇరిటేటింగ్ లా” అని సింగపూర్ ఇంగ్లీషులో విసుక్కుంటుంది. మొన్న నా పాత ఫోటోలు తిరగేస్తూ దీన్ని బయటికి తీసింది. కాకి వెనకాల షార్ట్సు, ఉత్త కాళ్ళు, జోడించిన రెండు చేతులు.

“హూ ఈజ్ దిస్ అంకుల్, మావయ్యా? వై ప్రేయింగ్? సంబడీ డైడ్ ఆ?”

“ఎవరూ పోలేదే. నువ్వొచ్చావు” అన్నాను.

మూరెడు లెన్సుతో కొంగల వెంట తిరిగిన ఆ కుర్రాడికి, నీ జన్మలో తీయబోయే ఒకే ఒక్క మంచి ఫోటో కాకిదిరా అని అప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత ఉడుక్కునేవాడో!