ఒక్క పూట సెలవు

మా చర్చిలో ప్రతి శుక్రవారం జరిగే స్త్రీల ఉపవాస ప్రార్థనలో పాట ఎత్తేది నేనే. ఒక రోజు రెండో చరణం దగ్గర దగ్గు పట్టుకుని ఆగలేదు. "బూడిద దగ్గు లే సుగుణా, బెల్లం నములు," అంది సంఘ పెద్దగారి భార్య దీనమ్మ. మాది శక్తినగర్ పక్కన. కరెంటు ప్లాంటు బూడిద ఆరేసిన చీరల మీద కూడా పడుతుంది. ఇక్కడ ఎవరు దగ్గినా ఆ మాటే అంటారు. నేనూ బెల్లం నమిలాను.

తర్వాత సాయంత్రం జ్వరాలు మొదలయ్యాయి. రవికెలు వదులైపోయాయి. ఒక ఉదయం ఉమ్మితే నెత్తురు పడింది. మా ఆయన ప్లాంటులో బొగ్గు దింపే కాంట్రాక్టు కూలీ. నన్ను రాయచూరు తీసుకెళ్లాడు. స్ప్యూటమ్ టెస్ట్, ఎక్స్‌రే చేశారు. "టీబీ పాజిటివ్ అమ్మా. ఆరు నెలలు ఒక్క మాత్ర తప్పొద్దు. ఇంట్ల ఉన్నోళ్లందరికి పరీక్ష చేపియ్యుండ్రి," అన్నాడు డాక్టరు.

ఇంట్లో మేము ముగ్గురం. మూడో మనిషి రూతమ్మక్క, మా ఆయన అన్న భార్య. బావ పోయినప్పటి నుంచి మాతోనే ఉంది. షుగర్ మనిషి. అక్కకు గట్టిగా ప్రార్థన చేయడం రాదు. అందరూ కన్నీళ్లు పెట్టుకుంటుంటే తను కునికేది. నవ్వుకునేవాళ్లం.

సంఘం నన్ను చూడటానికి వచ్చింది గానీ వాకిలి దాటలేదు. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, రోడ్డు మీదే నిలబడి, నేను నేర్పిన పాటలే పాడి, గాల్లోకి చేతులు చాపి ప్రార్థన చేసి పోయారు. ఆరాధనలో పంచే ప్రభువు బల్ల రొట్టె ఇంటికి పంపుతామన్నారు. పంపలేదు. ఏం మనుషులో!

నేను ఉమ్మిన డబ్బా అక్కే తీసేది. "దూరముండక్కా" అంటే, "ప్రార్థన వాళ్లు చేస్తున్నరు గద. గిన్నెలు నేను తోముత లే," అనేది.

మా ఆయనకు పరీక్షలో జబ్బు లేదని తేలింది. అక్క పరీక్షకు వెళ్లాల్సిన వారమే మాత్రలు నా లివర్‌కు పడక జాండిస్ వచ్చింది. డాక్టరు అన్నీ ఆపి, ఒక్కొక్క మాత్రే మళ్లీ మొదలుపెట్టాడు. తాగిన నీళ్లు కూడా కక్కేదాన్ని. మంచం దిగితే పడిపోయేదాన్ని. అంతలో అక్కకూ దగ్గు వచ్చింది.

"బూడిద దగ్గే" అంది.

"కాదక్కా, పోయి చూపించుకో, నీ కాళ్లు మొక్కుత," అని ఏడ్చాను.

"పోనంటినా? నువ్వు పడితే ఎత్తేదెవరు? ఒక్క పూట ఎవరన్న కూసుంటే పోయొస్త."

మా ఆయన పని మానితే మర్నాడు ఆ చోట ఇంకొకడు ఉంటాడు. అందుకే ఆదివారం ఆరాధన అయ్యాక లేచి నిలబడి, ఒక్క పూట మనిషి కావాలని అందరినీ అడిగాడు.

"ఇంట్ల పసిపిల్లలున్నరు తమ్మీ," అంది దీనమ్మ. "ఏం ఫికర్ చెయ్యకు, మేమంత ఉపవాసముంటం."

నిజంగానే ఉన్నారు. మా ఇంటికి మాత్రం ఒక్కరూ రాలేదు.

నేను గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టేసరికి అక్క వంటింట్లో నెత్తురు కక్కి పడిపోయింది. ఎక్స్‌రే చూసి డాక్టరు మండిపడ్డాడు. "రెండు లంగ్స్ పోయినయ్. ఇన్ని దినాలు ఏం చేసిండ్రు?" మందు మొదలుపెట్టిన వారంలోపే అక్క పోయింది. చివరిగా నన్ను అడిగింది, "మాత్ర ఏసుకున్నవా?" అని.

సమాధి కార్యక్రమానికి సంఘమంతా తెల్లచీరల్లో వచ్చింది. ఆ రోజు మా ఇంట్లోకి నేరుగా వచ్చి, అక్క తోమిపెట్టిన గిన్నెల్లోనే అందరికీ వండారు. అప్పుడు భయమెక్కడికి పోయిందో!

నా కోర్సు పూర్తయి రిపోర్టు నెగెటివ్ వచ్చాక, ఆదివారం ఆరాధనలో దీనమ్మ, "సాక్ష్యం చెప్పు సుగుణా. మన ప్రార్థన దేవుడు విన్నడు," అంది.

లేచాను. "విన్నడు. అందుకే నాకు అక్కనిచ్చిండు. అక్కకు ఒక్క పూట సెలవు కావాలంటే మీలకెల్లి ఒక్కరు లేవలే," అన్నాను.

ఇప్పుడు పాట ఎత్తడానికి ఊపిరి చాలదు. శుక్రవారాలు జబ్బు మనుషులున్న ఇళ్లకు పోతున్నాను. మీకు చెప్పేది ఒక్కటే. రెండు వారాలు దాటిన దగ్గును బూడిద మీదకు నెట్టకండి. రోగిని చూడటానికి వెళ్తే, ఆ రోగికి సేవ చేసే మనిషిని పరీక్షకు పంపి, తిరిగొచ్చేదాకా మీరు ఇంట్లో కూర్చోండి. ప్రార్థన కూర్చుని కూడా చేసుకోవచ్చు.