ఊడ్చిన దుమ్ము

నా చిన్నప్పుడు మా ఇస్నాపూర్ ఇంట్లో ఎవరైనా ఊరికి బయల్దేరితే, వాళ్ళు చేరేదాకా ఇల్లు ఊడ్చేవాళ్ళం కాదు. ఊడిస్తే పోయిన మనిషిని కూడా ఊడ్చేసినట్టేనని మా నాయనమ్మ నమ్మకం. మా నాయన పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీలో ఫిట్టర్. సామాను కోసం ఆయన బస్సులో బొంబాయి పోయినప్పుడల్లా ఒక రాత్రీ ఒక పగలూ మా ఇల్లు దుమ్ముతోనే ఉండేది.

ఒక వానాకాలం మిషను ఆగిపోయి, ఫ్యాక్టరీవాళ్ళు ఆయన్ని విమానంలో పంపారు. ఊరంతా నోరెళ్ళబెట్టింది. "పదింటికి ఎక్కుత, గంటంబావుల బొంబాయిల దిగుత. పన్నెండుకు సేటు దుకాణానికి ఫోన్ జేస్త" అని చెప్పి నాయన పొద్దున్నే వెళ్ళాడు. నాయనమ్మ పొలానికి పోయింది. తొమ్మిదేళ్ళ నాకు లెక్కలొచ్చునని మహా పొగరు. పదికి గంటంబావు కలిపితే పదకొండుంబావు. ఎందుకైనా మంచిదని ఇంకో పావుగంట ఆగి, గడప దగ్గర ఎండిన నాయన బురద కాళ్ళ గుర్తులతో సహా ఇల్లంతా శుభ్రంగా ఊడ్చేశాను.

నాయనమ్మ వచ్చి గడప చూసి ఆగిపోయింది. అక్కడే కూలబడింది. తిట్టినా బాగుండేది. పన్నెండైంది, ఒంటిగంటైంది. రెండుసార్లు దుకాణానికి ఉరికాను. "ఫోన్ రాలే బిడ్డా" అన్నాడు సేటు, నా మొహం చూడకుండా. తిరిగొచ్చేసరికి మబ్బు కమ్మి, మిట్టమధ్యాహ్నమే ఇంట్లో చీకటి పడింది. కాలువలోంచి ఘాటుగా ఫ్యాక్టరీ మందుల వాసన. ఒక్క కాకి అరవడం లేదు. నాయనకు ఏదో అయిందనీ, చేసింది నేనేననీ నాకు తెలిసిపోయింది. ఏడవడానికి కూడా భయమేసింది.

నాయనమ్మ లేచి పెరట్లోకి పోయింది. నేను పారబోసిన దుమ్మును చాటలోకి ఎత్తుకొచ్చింది, వెంట్రుకలూ పుల్లలూ బురద పెళ్ళలూ అన్నీ. గడప నుంచి మొదలుపెట్టి, ముగ్గు వేసినంత ఓపికగా ఇల్లంతా చల్లింది. "ఇంకా తొవ్వలనే ఉన్నడు బిడ్డా. చేరిండని మాట రాలే గద" అంది. సరిగ్గా అప్పుడే మబ్బుల పైన విమానం మోత. పడమటి నుంచి వచ్చి, మా కప్పు మీదుగా పట్నం వైపు పోయింది. అది వినిపించినంతసేపూ ఆమె చాట పట్టుకుని కప్పు వైపే చూస్తూ నిలబడింది.

దీపాలు పెట్టే వేళకు నాయనే బస్సు దిగి నడుచుకుంటూ వచ్చాడు! కాళ్ళకు చుట్టుకుని అప్పుడు ఏడ్చాను, వెక్కి వెక్కి. "బొంబాయి మీదిదాక పోయినం. వానకు దిగనియ్యలే. మస్తుసేపు తిప్పి మళ్ల బేగంపేటకే తెచ్చిండ్రు" అన్నాడు. నీళ్ళు తాగి, "ఒక ముచ్చట జెప్తె నవ్వుతరు. ఇంక జెరసేపట్ల బేగంపేటల దిగుతమనంగ మన ఇంటి దుమ్ము వాసనొచ్చింది. తుమ్ములే తుమ్ములు" అన్నాడు. నేనూ నాయనమ్మా మొహాలు చూసుకున్నాం. ఎవరం నవ్వలేదు.

"ఇంత దుమ్మేందే అమ్మా?" అన్నాడు ఆయన, నేల చూసి. "నువ్వొచ్చినవు గద, ఇగ ఊడుస్తం" అని ఆమె చీపురు నా చేతికిచ్చింది. నేను చేసిన పని ఆమె బతికున్నన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు మా మనవరాలు ఢిల్లీ పోతే విమానం ఎక్కడుందో, ఎన్ని నిమిషాల్లో దిగుతుందో అన్నీ ఫోన్‌లోనే కనబడతాయట. కనబడనీ. "దిగిన నానమ్మా" అనే మాట చెవిన పడేదాకా నేను చీపురు ముట్టను. కోడలు నవ్వుతుంది. పోయినసారి పిల్ల ఫోన్ ఆలస్యమైతే, ఆ నవ్వే కోడలే చీపురు తీసుకెళ్ళి బీరువా వెనక దాచింది.