‘ము’ తీసేస్తే హిందీ

ప్రపంచ పేదరికాన్ని రూపుమాపడానికి బయలుదేరి, నోయిడాలో ఒక అపార్ట్‌మెంట్ల సొసైటీ మొత్తం అంట్లగిన్నెలు గుట్టలు పడేలా చేసిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? ఆ మహాతల్లిని నేనే. దేవుడి దయవల్ల ఇప్పుడు తలుచుకుని నవ్వుకుంటున్నాను గానీ, అప్పుడు మాత్రం నా గుండె ప్రెషర్ కుక్కర్ మీద వెయిటులా ఎగిరెగిరి పడింది.

నేను బడి గడప తొక్కలేదు. బాపట్ల దగ్గర మా ఊళ్లో మా అమ్మే పొయ్యి పక్కన కూర్చోబెట్టి చదువు చెప్పింది. పరిశుద్ధ గ్రంథమే నా వాచకం. అందులో మాటలన్నీ నిండుగా ‘ము’తో ముగుస్తాయి. రాజ్యము, బలము, విశ్వాసము. పెళ్లయి, కేంద్ర ప్రభుత్వంలో పనిచేసే మా ఆయన వెంట ఇక్కడికి వచ్చాక ఒక గొప్ప రహస్యం కనిపెట్టాను. తెలుగు మాటకు ఆ తోక కత్తిరిస్తే హిందీ అయిపోతుంది. దేశము దేశ్, భోజనము భోజన్, విశ్వాసము విశ్వాస్. ఈ ఒక్క సూత్రంతో కూరగాయల భయ్యా నుంచి గ్యాస్ ఆఫీసు దాకా ఏళ్ల తరబడి నెట్టుకొచ్చాను. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అంటారు కదా. అప్పటిదాకా నేను దొరసాన్నే.

మా ఆడపడుచు కూతురు కెజియా ముఖర్జీ నగర్‌లో ఉండి సివిల్స్‌కి చదువుతోంది. సెలవు దొరికితే మా ఇంటికి వచ్చి, గోంగూర పచ్చడి కలుపుకుంటూ ప్రపంచాన్ని బాగుచేసే సంగతులు చెప్పేది. అన్ని దేశాలూ ఒక ఒప్పందానికి వచ్చి మహా సంపన్నుల మీద పన్ను వేయాలట, అప్పుడు వాళ్లు ఆస్తిని సరిహద్దులు దాటించి దాచుకోలేరట. ప్రతి మనిషికీ కనీస ఆదాయం ఉండాలట. పేదవాడి బిడ్డకూ ధనవంతుడి బిడ్డకూ సమాన అవకాశం ఉండాలట. వింటుంటే నాకు ఒళ్లు పులకరించేది. ఇంత చక్కటి మాటలు తినే కంచం దగ్గరే ఆగిపోవడం అన్యాయం అనిపించేది.

సరిగ్గా అప్పుడే మా సొసైటీ అధ్యక్షుడు సక్సేనా గారు, జనవరి ఇరవై ఆరున జెండా ఎగరేశాక ఆడవాళ్ల తరఫున ఎవరైనా మాట్లాడాలని అడిగారు. నేను ముందుకు వచ్చి, “మై ఉపన్యాస్ దూంగీ” అన్నాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, “పూరా ఉపన్యాస్? మన దగ్గర ఐదు నిమిషాలే ఉన్నాయి మేడమ్” అన్నారు. హిందీలో ఉపన్యాస్ అంటే నవల అని నాకు తెలిస్తే కదా. పెద్దమనిషి, సమయపాలన ఉన్నవాడు అనుకుని గౌరవించాను.

ఆ రోజు ముందు కుర్చీల్లో ఫ్లాట్ల వాళ్లు కూర్చున్నారు. వెనక ఎండలో పనివాళ్లు, గార్డులు, మా ఇంట్లో అంట్లు తోమే ఫూల్‌మతి నిలబడ్డారు. నేను ప్రార్థన చేసుకుని మైకు పట్టుకున్నాను. ప్రపంచానికి తోక కత్తిరించి “ప్రపంచ్ కీ గరీబీ” అన్నాను. హిందీలో ప్రపంచ్ అంటే మాయ, మోసం అని తర్వాత తెలిసింది. మోసం వల్ల వచ్చిన పేదరికం అన్నానన్నమాట. విచిత్రం ఏమిటంటే, ఆ మాట కాదని ఒక్కరూ అనలేదు.

పన్ను సంగతి చెప్పాను, ముందు వరస ఆవలించింది. కనీస ఆదాయం అన్నాను, ఒకాయన ఫోను తీశాడు. ఇక లాభం లేదని గొంతు పెంచి అసలు మాట వదిలాను.

“హర్ గరీబ్ కో సమాన్ అవకాశ్ దో. అమీర్ కో జో అవకాశ్, గరీబ్ కో భీ వహీ అవకాశ్. ఆజ్ సే.”

వెనక నుంచి చప్పట్లు వర్షంలా కురిశాయి. గార్డు ఈల కూడా వేశాడు. ముందు వరస మాత్రం మంచు పట్టినట్టు బిగుసుకుపోయింది. నా మాటల లోతుకు కదిలిపోయారనుకుని, మనసులో స్తోత్రం చెప్పుకుని దిగాను.

మర్నాడు ఆదివారం. ఫూల్‌మతి రాలేదు. పాపం, జ్వరమేమోనని గుడిలో ఆమె కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేశాను. తిరిగొచ్చేసరికి మా బ్లాకు కింద ఆడవాళ్లు గుంపుగా ఉన్నారు. నన్ను చూడగానే మొహాలు తిప్పుకున్నారు. మా ఆయన తలుపు తీసి నిలబడిన తీరు చూస్తే, బదిలీ ఉత్తర్వు ఏ ఎడారికో వచ్చిందనుకున్నాను.

“నిన్న మైకులో ఏమన్నావు?” అన్నారు.

“సమాన అవకాశం ఇవ్వమన్నాను.”

“సొసైటీలో ఏ ఇంటికీ పనిమనిషి రాలేదు. నువ్వు సెలవిమ్మన్నావట.”

కెజియాకు ఫోను చేశాను. అంతా విని అది నెమ్మదిగా, “అత్తయ్యా, హిందీలో అవకాశ్ అంటే సెలవు. మన అవకాశాన్ని వాళ్లు అవసర్ అంటారు” అంది. అమీర్లకు ఉన్న సెలవు గరీబులకూ ఇవ్వండి, ఇవాళ్టి నుంచే. అదీ నేను మైకులో చేసిన ప్రకటన. అడుసు తొక్కితే కాలైనా కడుక్కోవచ్చు. మైకు పట్టుకున్నాక నోరు కడుక్కోలేం.

ఇంతవరకూ నవ్వండి, ఫర్వాలేదు. సోమవారం పొద్దున జరిగింది మాత్రం నవ్వే సంగతి కాదు. మిగతా పనివాళ్లను లోపలికి రానిచ్చి, ఫూల్‌మతి గేటు కార్డు ఒక్కటే కమిటీ రద్దు చేసింది. సెలవు ఇచ్చారని వదంతి పుట్టించి అందరినీ రెచ్చగొట్టింది ఆమేనట. ఆమె పనిచేసే ఇళ్లన్నీ ఆ గేటు లోపలే ఉన్నాయి. కార్డు పోతే బతుకుతెరువు పోయినట్టే. నేను పరుగున వెళితే, గేటు బయట టీ బండి దగ్గర శాలువా కప్పుకుని నిలబడి ఉంది.

“దీదీ, మైక్ పే ఆప్‌నే హీ బోలా థా నా?” అంది.

మీరే కదా మైకులో అన్నది అని. ఆ గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది.

సాయంత్రం అత్యవసర సమావేశం. కెజియా ఫోనులో నా చేత అవసర్, అవసర్ అని వల్లె వేయించింది. పొరపాటున మాట తడబడిందని చెప్పి కూర్చోమని, ఇంకొక్క ముక్క కూడా మాట్లాడవద్దని ఒట్టు వేయించుకుంది. మా ఆయన పక్కన కూర్చుని చేతిగుడ్డ నలుపుతున్నారు. ఫూల్‌మతిని గుమ్మం దగ్గర నిలబెట్టారు.

సక్సేనా గారు లేచి తీయగా మొదలుపెట్టారు. “మేడమ్ చదువుకున్న ఇంటి మనిషి. పనివాళ్లకు సెలవు ఇమ్మని ఎందుకంటారు? చెప్పండి మేడమ్, మీరు అవసర్ అన్నారు కదా? ఈమె అబద్ధం చెప్పింది కదా?”

నా నాలుక మీద అవసర్ సిద్ధంగా ఉంది. అది అనేస్తే నా పరువు దక్కుతుంది. కాకపోతే ఫూల్‌మతి అబద్ధాలకోరు అవుతుంది, కార్డు మళ్లీ రాదు. హాలంతా నా నోటి వైపే చూస్తోంది. ప్రభువా, ఈ ఒక్క మాటకు తోడుండు అనుకున్నాను.

“అవకాశ్ అనే అన్నాను. ఫూల్‌మతి సరిగ్గానే విన్నది” అన్నాను.

ఇక చూడండి. ఒకావిడ నేను సొసైటీని పాడు చేస్తున్నానంది. ఒకాయన ముందు మా ఆయనకు నోటీసు ఇమ్మన్నాడు. కుర్చీలు జరిగాయి, గొంతులు లేచాయి. వాళ్లను చల్లబరచాలని, అధ్యక్షుల వారి మాట శాంతంగా ఆలోచన చేయండి అని మర్యాదగా చెప్పబోయాను. కెజియాకు వేసిన ఒట్టు గాలికి పోయింది. పాత సూత్రం దానంతటదే కత్తెర పట్టుకుని వచ్చింది, కత్తిరించడానికి ‘ము’ లేకపోయినా.

“సబ్ లోగ్ శాంతి సే అధ్యక్ష్ జీ కీ ఆలోచనా కీజియే.”

లేచిన వాళ్లంతా సక్సేనా గారి వైపు తిరిగారు. మా ఆయన కళ్లు మూసుకున్నారు. హిందీలో ఆలోచనా అంటే విమర్శ. అందరూ శాంతంగా అధ్యక్షుల వారిని విమర్శించండి అని నేను చేతులు జోడించి మరీ మనవి చేశాను.

ముందు వరసలో కూర్చున్న కపూర్ ఆంటీ కర్ర ఊతంతో లేచింది. “పెహ్లే మై” అంది. ముందు నేను అని. లిఫ్ట్ ఎన్నాళ్లుగా ఆగిపోయిందో ఆవిడ చెప్పింది. తర్వాత ఒకాయన నీళ్ల ట్యాంకు సంగతి ఎత్తాడు. పార్కింగ్ సంగతి, చెత్త సంగతి, కమిటీ ఎన్నికలు వాయిదా పడుతున్న సంగతి వరసగా బయటపడ్డాయి. మా ఆయనకు నోటీసు ఇమ్మన్న పెద్దమనిషే అందరికంటే గట్టిగా విమర్శించాడు. సక్సేనా గారి మొహం ఉడికిన బీట్‌రూట్‌లా తయారైంది. ఇక ఎన్నికలు తప్పేలా లేవు కదా, ఏదో ఒకటి ఇచ్చి అందరి నోళ్లూ మూయించాలి. లిఫ్ట్ ఇవ్వలేడు, నీళ్లు ఇవ్వలేడు. చేతిలో ఉన్నది ఒక్కటే, ఈ గొడవంతా లేపిన ఆ కార్డూ సెలవూ ఇచ్చేయడం.

“ఠీక్ హై, ఠీక్ హై. ఆమె కార్డు ఇచ్చేయండి. పనివాళ్లందరికీ ఆదివారం సెలవు. మీటింగ్ అయిపోయింది” అని బయటికి నడిచారు.

ఆ తర్వాతి ఆదివారం సింకు దగ్గర నిలబడి గిన్నెలు తోముతుంటే ఒక సంగతి గుర్తొచ్చి చేతిలో పీచు ఆగిపోయింది. విశ్రాంతి దినాన ఇంట్లో పనిచేసే ఆమెకు కూడా విశ్రాంతి ఇవ్వాలని చిన్నప్పుడే అమ్మ నా చేత ఆజ్ఞలు వల్లె వేయించింది. అన్నీ అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పేదాన్ని. ఇన్నేళ్లూ ఫూల్‌మతిని ఆదివారం పెందలాడే రమ్మనేదాన్ని. ఎందుకనుకున్నారు? నాకు గుడికి ఆలస్యమవుతుందని. నా బుద్ధి దిద్దలేని దాన్ని నా తప్పు హిందీ చేత దిద్దించినందుకు దేవునికి వందనాలు.

మర్నాడు సోమవారం ఫూల్‌మతి కొత్త కార్డు మెడలో వేసుకుని వచ్చింది. నేను చెయ్యి పైకెత్తి గంభీరంగా, “మై ప్రమాణ్ దేతీ హూ, ఐసా ఫిర్ కభీ నహీ బోలూంగీ” అన్నాను, ఇంకెప్పుడూ అలా మాట్లాడనని ప్రమాణం చేస్తున్నాననుకుని.

ఆమె పైట దోపుకుంటూ, “ప్రమాణ్ కీ క్యా జరూరత్, దీదీ? పూరీ సొసైటీ నే సునా థా” అని గిన్నెల వైపు వెళ్లింది.

హిందీలో ప్రమాణ్ అంటే రుజువట. రుజువు ఎందుకు దీదీ, సొసైటీ అంతా విన్నారు కదా అని ఆమె నన్నే ఓదార్చింది.

కనుక పాఠకులారా, మీ ఎదుట అచ్చ తెలుగులో చెబుతున్నాను. నిఘంటువు చూడకుండా ఇకపై ఏ తెలుగు మాటకూ తోక కత్తిరించను. ఇది నా ప్రమాణము. ‘ము’తో సహా.