దిబ్బ ఖాళీ చేసిన మేనేజర్ గారు

మా ఇంటి ఓనరు గారు పోయి రెండు నెలలు కావస్తోంది. ఆ పొద్దున నేను ఆఫీసు బస్సులో ఉన్నాను. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు సిగ్నల్ దగ్గర బస్సు ఆగి ఉండగా ఆయన భార్య ఫోన్ చేశారు. ఆవిణ్ణి నేను ఆంటీ అంటాను, ఆయన్ని మేనేజర్ గారు అంటాను. "అమ్మాయ్, మీ మేనేజర్ గారు వెళ్ళిపోయారు. నేనింకా హాస్పిటల్లోనే ఉన్నాను. కింద మూడో గదిలో పిల్లికి నిన్నట్నుంచి ఎవరూ తిండి పెట్టలేదు. నువ్వు ముందు ఇంటికెళ్ళు," అన్నారు. ఆవిడ గొంతులో ఏడుపు లేదు. నేను మాత్రం బస్సు దిగి, ఫుట్‌పాత్ మీద నిలబడి, అందరూ చూస్తుండగా ఏడ్చాను. తర్వాత ఆటో ఎక్కి ఫిల్మ్‌నగర్ వెళ్ళి పిల్లికి పాలన్నం పెట్టాను. అది నా చెయ్యి గీరింది.

పిల్లుల సంగతి ఎత్తకుండా ఆయన గురించి చెప్పడం కుదరదు. అలాగని ఆయన పిల్లులంటే పడిచచ్చే మనిషేమీ కాదు. పిట్టల కోసం పిల్లుల్ని ఇంటికి తెచ్చుకోవాల్సి వచ్చిన మనిషి.

ఆయన జీవితమంతా సినిమాల్లో ప్రొడక్షన్ మేనేజరుగా పనిచేశారు. తెర మీద పేరు ఎక్కడో చివర్లో, జనం చెప్పులు వెతుక్కునే సమయంలో వచ్చేది. కానీ పొద్దున ఆరింటికి రెండొందల మందికి ఇడ్లీ అందాలన్నా, అడవిలో జనరేటర్ మోగాలన్నా ఆయనే. ఊరు కాకినాడ వైపు. నాది వరంగల్. హైటెక్ సిటీలో ఉద్యోగం దొరికి, ఆ చుట్టుపక్కల కొండల మీద మేడ గదులన్నీ మాలాంటి సాఫ్ట్‌వేర్ పిల్లలతో నిండిపోతున్న రోజుల్లో వాళ్ళ పై పోర్షన్‌లో దిగాను. మొదటి రోజే నా చేతికి ఒక కాగితం ఇచ్చారు. అది సినిమా వాళ్ళ కాల్ షీట్, షూటింగ్‌లో ఎవరు ఏ టైముకి ఎక్కడ ఉండాలో రాసేది. పేరు దగ్గర నా పేరు, లొకేషన్ దగ్గర 'మేడ మీద గది', కింద నీళ్ళ ట్యాంకర్ వచ్చే టైము, చెత్త బండి టైము, గేటు తాళం టైము. నాకు ఒళ్ళు మండింది. ఇంట్లో కూడా మేనేజరేనా అనుకున్నాను.

దారిన నడుస్తూ మేకులు ఏరడం ఆయన అలవాటు. షూటింగ్ అయ్యాక యూనిట్ అంతా బస్సులెక్కితే ఆయన ఒక్కరే ఆ స్థలమంతా తిరిగి మేకులు, వైరు ముక్కలు ఏరేవారట. మా సందులో పందిరి విప్పిన మర్నాడు కూడా అదే పని. ఎందుకండీ అంటే, "షూటింగ్ ఎలా చేశామో సినిమా చెప్పదమ్మా. మనం వెళ్ళిపోయాక ఆ నేల చెప్తుంది," అనేవారు.

అలాంటి మనిషి ఒకచోట పెద్ద తప్పు చేశారు. దాని సంగతి నాకు తెలిసేసరికి నేను ఆ ఇంట్లో దిగి ఏడాదయింది. ఒక ఆదివారం ఆఫీసు నుంచి ఏవో కాగితాలు తెచ్చుకుంటుంటే మెట్ల దగ్గర ఆపి, "మీ ఆఫీసులో ఇంటర్‌నెట్ ఉంటుంది కదా. సముద్రం మధ్యలో దిబ్బ మీద పిల్లులుంటే పిట్టలకేమవుతుందో చూసి పెడతావా?" అని అడిగారు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. కూర్చోబెట్టి చెప్పారు.

గోదావరి సముద్రంలో కలిసేచోట ఒక ఇసుక దిబ్బ ఉంది. ఇసుక, రావణాసురుడి మీసాలనే గడ్డి, అంతే. చలికాలం చివర్లో అక్కడ పది రోజులు ఒక పాట తీశారు. సామాను పడవల్లో బియ్యం బస్తాలతోపాటు ఎలుకలు కూడా దిగి, వంట డేరాను పాడుచేయడం మొదలుపెట్టాయి. మేనేజర్ గారికి ఉపాయాలకు లోటా. ఇక్కడ ఫిల్మ్‌నగర్ సెట్టు గోడౌన్లో ఎలుకలు బట్టలు కొరక్కుండా పెంచే పిల్లుల్లోంచి రెండింటిని వ్యాన్‌లో తెప్పించారు. ఎలుకలు పోయాయి. పాట అయిపోయింది.

షూటింగ్ మొదలైన రోజు కొబ్బరికాయ, ముగిసిన రోజు గుమ్మడికాయ కొట్టడం సినిమావాళ్ళ ఆనవాయితీ. గుమ్మడికాయ పగిలిందంటే ఇక ఆ చోట ఒక్క షాటు కూడా తీయరు, వెనక్కి రారు. ఆ రోజు కూడా కొట్టారు. ఆయన చేతిలో సామాను లిస్టు. లైట్లు లైట్ల డిపార్ట్‌మెంటువి, పెట్టెలు కాస్ట్యూమ్స్‌వి, గిన్నెలు ప్రొడక్షన్‌వి. ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకుని ఎక్కించారు. పడవ సగం దూరం వచ్చాక వంటమనిషి, "పిల్లులు ఉండిపోయాయండీ," అన్నాడు. అవి ఏ డిపార్ట్‌మెంటు లిస్టులోనూ లేవు మరి.

"వెనక్కి తిప్పమంటే తిప్పేవాడేనమ్మా పడవ నడిపే సరంగు," అన్నారు ఆయన నాతో. "గుమ్మడికాయ కొట్టేశాక మళ్ళీ ఏం వెళ్తాం, చేపలు తిని బతుకుతాయిలే అన్నాను. ఆ మాట నేనే అన్నాను."

రెండేళ్ళ తర్వాత వేరే సినిమాకి లొకేషన్ చూడ్డానికి అటు వెళ్ళారు. వేసవి. ఆ రోజుల్లో దిబ్బంతా సముద్రపు పిట్టలు గుడ్ల మీద కూర్చుని ఉండాలి. కాకిలో సగం ఉండవు అవి. తెల్లటి ఒళ్ళు, నల్లటి నెత్తి, చీలిన తోక. గూడు కట్టవు. ఇసుకలో పొట్టతో చిన్న గుంట చేసి, అందులోనే రెండో మూడో గుడ్లు పెడతాయి. ఆయనకు ఈకలు కనిపించాయి, గుడ్డు పెంకులు కనిపించాయి. పిట్ట కనిపించలేదు. పడవ సరంగు మొహమాటం లేకుండా చెప్పాడట: "పోయినేడు నుంచీ నిలవట్లేదండి బాబుగారూ. మీ పిల్లులు కాపురం పెట్టేసినాయండి. పిల్లల్ని కూడా కన్నాయి."

నేను ఇంటర్‌నెట్లో చూసి, ఆఫీసు ప్రింటర్ మీద మా టీమ్ మేనేజర్ చూడకుండా పేజీలు తీసి ఇచ్చాను. ప్రపంచంలో చాలా దీవుల్లో ఇదే కథ. ఓడల్లో వచ్చిన పిల్లులు, ఎలుకలు దిగడం, నేల మీద గుడ్లు పెట్టే పిట్టలు మాయమవడం. ఆ పిట్టలకు ఆకాశం నుంచి వచ్చే శత్రువు తెలుసు గానీ నాలుగు కాళ్ళ మీద వచ్చేది తెలియదు. అయితే ఇంకొకటి కూడా ఉంది ఆ పేజీల్లో. పిల్లుల్ని తీసేసిన చోట్ల పిట్టలు తిరిగి వచ్చాయని. ఆయన డిక్షనరీ పెట్టుకుని అదంతా చదివారు. ఆ వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీశారు.

అక్కడి నుంచి మూడు చలికాలాలు అదే పని. సెట్టు వడ్రంగులతో తలుపు పడిపోయే చెక్కపెట్టెలు చేయించారు. ఎవరో మాంసంలో విషం కలిపి పడేస్తే ఒక్క రోజులో తేలిపోతుందన్నారు. "తెచ్చింది నేనయితే చావు వాటికా?" అని కోప్పడ్డారు. ఆయన కోపం నేను చూసింది అప్పుడే. ప్రతి పిల్లికీ ఒక కాల్ షీట్ రాసేవారు, నేను టైపు కొట్టేదాన్ని. 'ఆర్టిస్టు: నాలుగో పిల్లి. లొకేషన్: దక్షిణం వైపు గడ్డి. కాల్ టైము: పొద్దున ఐదున్నర. ప్రాపర్టీ సామాను: ఎండు చేప.' ఒకసారి మా ఆఫీసు టీమ్ వాళ్ళు ముగ్గురు సాయం చేస్తామని ల్యాప్‌టాప్‌లో ప్లాను గీసుకుని మరీ వచ్చారు. రెండు రోజులు దిబ్బ మీద మాట్లాడుతూనే ఉన్నారు. ఒక్క పిల్లీ దగ్గరికి రాలేదు. మూడోరోజు మేనేజర్ గారు వాళ్ళను మర్యాదగా పడవెక్కించారు.

పట్టిన పిల్లులన్నీ ఫిల్మ్‌నగర్ వచ్చేవి. పశువుల డాక్టరు దగ్గర పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, కింద మూడో గదిలో కొన్నాళ్ళు ఉంచి, మనుషులకు అలవాటయ్యాక గోడౌన్లకీ, తెలిసినవాళ్ళ ఇళ్ళకీ ఇచ్చేవారు. నాకు పిల్లులంటే పడదు. తుమ్ములొస్తాయి. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"ఏంది సార్ ఇది? ఇల్లు కిరాయికిచ్చిన్రా, పిల్లుల హాస్టల్ పెట్టిన్రా?"

"హాస్టలే అనుకోమ్మా. వార్డెన్‌వి నువ్వు," అన్నారు.

మా ఇంట్లో పనిచేసే రహమత్ నగర్ అక్క అయితే రెండు పిల్లుల్ని తనే తీసుకుపోయింది. "గీ సముద్రం పిల్లులు మా గల్లీల ఎలుకల్ని జర సూస్కోనీ, ఫికర్ జేయకుండ్రి సార్," అని.

పదిమందీ వచ్చేశాక ఒక్కటి మిగిలింది. ఆ పదిమందీ పిల్లులే. ఆయనతో తిరిగి నాకూ అలాగే నోటికొస్తుంది. మిగిలింది సగం తోక తెగిన మగపిల్లి. అది దిబ్బ మీదే పుట్టింది, మనిషి చేతి తిండి ఎరగదు. చేప పెడితే పెట్టె చుట్టూ తిరిగి వెళ్ళిపోయేది. ఆ ఒక్కటి ఉన్నంతకాలం ముందు చేసిన పనంతా వృథా. కిందటి వేసవిలో నాలుగైదు జంటలు వచ్చి గుడ్లు పెడితే, వారంలో ఒక్క గుడ్డూ మిగల్లేదు. ఆ కబురు సరంగు ఫోన్లో చెప్పినప్పుడు ఆయన రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఆంటీ విసుక్కున్నారు. "ఏంటండీ, కన్నబిడ్డ పోయినట్టు," అని.

దాన్ని పట్టడానికి ఈ చలికాలం నన్నూ తీసుకెళ్ళారు. రెండో రోజు మధ్యాహ్నం పడవలో కుండ పగిలి మంచినీళ్ళు ఒలికిపోయాయి. సరంగు ఊళ్ళోకి వెళ్ళి తెచ్చేదాకా మేమిద్దరం ఆ ఎండలో కూర్చున్నాం. నాలుక అంగిట్లో అతుక్కుపోతోంది. చుట్టూ కనుచూపు మేర నీళ్ళే, గుక్కెడు తాగడానికి లేవు. ఆయన సముద్రం వైపు చూస్తూ, "చేప దానికి ఎక్కడైనా దొరుకుతుందమ్మా. ఇక్కడ దొరకనిది ఏంటి?" అన్నారు. సాయంత్రం సరంగు తెచ్చిన బిందెలోంచి ఒక పళ్ళెం నిండా మంచినీళ్ళు పోసి పెట్టెలో పెట్టారు. తెల్లారి వెళ్ళి చూస్తే తలుపు పడి ఉంది. పళ్ళెం ఖాళీ. లోపల సగం తోక పిల్లి మమ్మల్ని బండబూతులు తిడుతోంది. ఆయన పెట్టె పక్కనే ఇసుకలో కూలబడి, "క్షమించరా," అన్నారు దానితో. ఆ పిల్లే ఇప్పుడు మూడో గదిలో ఉన్నది.

నెల తిరక్కుండానే ఆయనకు గుండెపోటు వచ్చింది. బంజారాహిల్స్ హాస్పిటల్లో చూడటానికి వెళ్తే మంచం మీద నుంచే పని పురమాయించారు. "ఉగాది అయ్యాక దిబ్బకి ఒకసారి వెళ్ళిరా."

"పిట్టలు రాకుంటే సార్?"

"రాకపోతే వచ్చే ఏడు వెళ్ళు. మనం ఖాళీ చేశామని వాటికి తెలియాలి కదా."

అది నాతో ఆయన చివరి మాట. ఇంటి ఓనరుగా ఆయన నన్ను ఎన్ని రూల్సుతో విసిగించారో లెక్కలేదు. తప్పు చేస్తే కూర్చుని బాధపడటం కాదు, వెళ్ళి సర్దాలని మాత్రం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. దానికి నేను ఆయనకు రుణపడి ఉంటాను.

పోయిన వారం వెళ్ళాను. ఆంటీ కూడా వస్తానన్నారు. ఇన్నేళ్ళలో ఆవిడ ఆ దిబ్బ చూడనే లేదు. "మీ మేనేజర్ గారిని నా నుంచి లాక్కున్న చోటు ఎలా ఉంటుందో చూస్తాను," అన్నారు పడవలో, కోపంగానే.

దిగి పాతిక అడుగులు కూడా వేయలేదు. ముందు ఒక పిట్ట లేచింది. తర్వాత పది, తర్వాత ఎన్నో చెప్పలేను. కీచుమంటూ మా నెత్తి మీదికే దూకుతున్నాయి. సరంగు చెయ్యి అడ్డం పెట్టి మమ్మల్ని ఆపేశాడు. "అడుగెయ్యకండమ్మా, కింద చూడండి." నా చెప్పుకు జానెడు దూరంలో ఇసుక రంగులోనే మూడు గుడ్లు. కొంచెం అవతల ఇంకో గుంటలో ఒక పిల్ల, ఇంకా తడారని ఒంటితో, కదలకుండా నేలకు కరుచుకుని ఉంది. ఆంటీ చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకున్నారు. తర్వాత మెల్లగా, "పద, మనం ఇక్కడ ఉండకూడదు," అన్నారు.

వచ్చిన అడుగుల్లోనే అడుగులు వేస్తూ వెనక్కి నడిచాం. అవి వదల్లేదు. పడవ ఎక్కి లోతు నీళ్ళలోకి వచ్చేదాకా వెంటపడి తరిమాయి. ఆంటీ తెల్లచీర భుజం మీద ఒకటి రెట్ట వేసింది. నేను దోసిట్లో నీళ్ళు తీసి కడగబోతే ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "ఉండనీ," అన్నారు. దిబ్బ వైపు తిరిగి కూర్చుని, ఆ పిట్టలు ఒక్కొక్కటే వాటి గుడ్ల మీదికి దిగడం చూస్తూ ఉండిపోయారు.