ప్రకాశం గారి బొటనవేలు

2023. రాజమండ్రి మెయిన్ రోడ్డు పక్క సందులో కెమెరాలు బాగుచేసే కొట్టు నాది. అప్పటికే కుర్రకారంతా రెట్రో కెమెరాల మీద పడ్డారు. చూడ్డానికి పాత రీలు కెమెరాలా వెండి రంగు, నల్లతోలు, పైన తిప్పుకునే చక్రాలు. లోపలంతా డిజిటలే. నాకు ఒళ్ళు మండేది. "అసలువి పాత సామాన్లవాడికి తూకానికేసి, ఇప్పుడు ఈ పగటివేషాలు కొంటున్నారా!" అని వచ్చినవాళ్ళనల్లా దెప్పేవాణ్ణి.

అలాంటిదే ఒకటి పట్టుకుని నరసాపురం నుంచి సువర్ణ అనే టీచరమ్మ వచ్చింది. వాళ్ళ నాన్న ప్రకాశం గారు ఒకప్పుడు చర్చి పెళ్ళిళ్ళకీ బాప్తిస్మాలకీ ఫోటోలు తీసినాయన. రీళ్ళ కాలం పోయాక స్టూడియో మూసేశారు. ఆ మధ్య పక్షవాతం వచ్చింది. చెయ్యి దారికొచ్చింది గానీ మాట రాలేదు. అన్నీ అర్థమవుతాయట, నోరు మాత్రం పెగలదు. పొద్దస్తమానం గోడకేసి చూస్తూ కూర్చుంటున్నారట.

"పాత కెమెరాలా ఉంటే ముట్టుకుంటారని కొన్నానండి. ఒక్క ఫోటో తీసి పక్కన పెట్టేస్తున్నారు. ఏంటి నాన్నా అంటే తల అడ్డంగా ఊపుతారు. ఏదో పాడయ్యుంటుందండి, కాస్త చూడండి" అంది.

చూశాను. నిక్షేపంలా ఉంది. "దీనికే రోగమూ లేదమ్మా. ఓసారి నాన్నగారినే తీసుకురా" అన్నాను.

తరవాతి ఆదివారం తీసుకొచ్చింది. ఆయన కుర్చీలో కూర్చుని కెమెరా అందుకున్నారు. వెలుతురు ఎంతసేపు లోపలికి రావాలో నిర్ణయించే చక్రాన్ని షట్టర్ స్పీడ్ డయల్ అంటాం. దాన్ని చూడకుండానే తిప్పి, గోడ మీది క్యాలెండరుకి గురిపెట్టి నొక్కారు. వెంటనే ఆయన బొటనవేలు కెమెరా వెనక మూలకి వెళ్ళి, అక్కడ లేనిదాన్ని లాగింది. ఇంకోసారి లాగింది. ఇక కెమెరా బల్లమీద పెట్టేశారు.

"అయ్యో, లీవరు!" అన్నాను.

పాత కెమెరాల్లో ఒక ఫోటో తీశాక, వైండింగ్ లీవర్‌ని బొటనవేలితో లాగితేనే రీలు ముందుకి జరిగేది. లాగకపోతే రెండో ఫోటోకి బటన్ పడదు.

"ఇందులో రీలుండదని చెప్పానండీ" అంది సువర్ణ.

"ఆయనకి తెలుసమ్మా. ఆ వేలికి తెలియొద్దూ? ఎన్ని పెళ్ళిళ్ళు లాగిందో!"

ప్రకాశం గారు నావంక చూసి తల నిలువుగా ఊపారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తుక్కుడబ్బాలోంచి చచ్చిపోయిన కెమెరా ఒకటి తీసి, దాని లీవరు ఊడదీశాను. చిన్న రేకుకి స్ప్రింగుతో బిగించి, హాట్ షూలోకి, అంటే ఫ్లాష్ తగిలించే గాడిలోకి, దూర్చాను. లాగితే కర్రుమంటుంది, వదిలితే వెనక్కొస్తుంది. అంతకుమించి చేసే పని సున్నా. పగటివేషమని తిట్టినవాణ్ణి, నేనే దానికి మీసాలు అతికించాను.

ఆయన కూతురివైపు తిరిగి నొక్కారు. కర్రున లాగారు. మళ్ళీ నొక్కారు, మళ్ళీ లాగారు. కెమెరా కంటి దగ్గరే ఉంచుకుని ఎడం చెయ్యి కొంచెం పైకెత్తారు.

"గడ్డం... దించమ్మా."

"నాన్నా! మాట్లాడారా!" అంటూ సువర్ణ భోరుమంది.

"కదలొద్దు" అని విసుక్కున్నారాయన. "రెడీ."

కొన్నాళ్ళకి స్ప్రింగు వదులైందని ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. మాట ఎలా ఉందని అడిగాను.

"మామూలప్పుడు రాదండి. కెమెరా చేతిలో ఉంటే మాత్రం ఆ ఫోటోల మాటలు వస్తాయి. మొన్న అమ్మని గుమ్మంలో నిలబెట్టి, 'దగ్గరగా జరగండి' అన్నారు. అక్కడున్నది అమ్మ ఒక్కతేనండి."

"మరి ఆవిడేం చేశారు?"

"వచ్చి నాన్న పక్కన నిలబడిందండి."

ఈసారి గట్టి స్ప్రింగు వేసిచ్చాను. రెట్రో కెమెరాలు తెచ్చేవాళ్ళని దెప్పడం ఆ రోజుతో మానేశాను. వేషమైతేనేం, లోపలి మనిషి పలికితే చాలు.